నేత శిల్పం కొనేముందు: దాన్ని నిలబెట్టేది పోగా, జిగురా?

బెంగళూరు మహదేవపురలో కొత్త ఫ్లాట్ కొన్న కడప దంపతులు పోయిన నెల నన్ను పిలిచి హాల్లో సోఫా వెనక గోడ చూపించారు. 11 అడుగుల వెడల్పు, ఒక్క మేకు కూడా కొట్టలేదు. "పెయింటింగ్ వద్దక్కా, అందరిళ్లలోనూ అదే. ఏదైనా నేసింది పెడదామనుంది. చదునుగా కాకుండా బొమ్మలా ముందుకు లేచి ఉండాలి" అంది ఆ అమ్మాయి. ఫోన్‌లో నాలుగు ఫొటోలు దాచిపెట్టుకుంది. నాలుగింటినీ చేనేత వాల్ ఆర్ట్ అనే అమ్ముతున్నారు. ఒకటి మగ్గం మీద నేసి, అలల్లా మడతలు లేచిన పని. ఇంకోటి తాళ్లకు ముడులు వేసుకుంటూ పోయిన మాక్రమే. మూడోది టఫ్టింగ్ గన్‌తో గుడ్డలోకి ఊలు పొడిచి వెనక జిగురు పూసినది. నాలుగోది ప్లైవుడ్ మీద ఫోమ్ అంటించి, పైన చేనేత బట్ట బిగించినది. ధరలేమో 6 వేల నుంచి దాదాపు 2 లక్షల దాకా ఉన్నాయి. ఫొటోలో చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి కదా, మరి ఇంత తేడా ఏమిటని వాళ్ల ప్రశ్న.

నేను ధర్మవరంలో పుట్టాను. మా తాత గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. ఎవరు ఏ చీర తెచ్చి చూపినా ముందు తిరగేసి వెనక వైపు చూసేవాడు, తర్వాతే అంచు, కొంగు. బెంగళూరులో ఇళ్లకు ఇంటీరియర్ పనులు చేసి పెట్టే నాకు ఆ అలవాటు అలాగే వచ్చింది. గోడకు పెట్టే నేత పని ఏదైనా సరే, వెనక్కి తిప్పి ఈ ఆకారం దేనివల్ల నిలబడిందో చూస్తాను. పోగు వల్లా, ముడి వల్లా, లోపలున్న చట్రం వల్లా, జిగురు వల్లా? అది తెలిస్తే ధర ఎందుకంతో, ఎన్నాళ్లు ఉంటుందో, దుమ్ము ఎలా దులపాలో చాలావరకు తెలిసిపోతుంది.

మగ్గం మీద పుట్టిన ఆకారం

మగ్గం మీద పడుగు (నిలువు పోగులు) ఎప్పుడూ బిగుతుగా ఉంటుంది. కాబట్టి నేస్తున్నంతసేపూ బట్ట చదునుగానే కనిపిస్తుంది. మరి శిల్పం ఎక్కడి నుంచి వస్తుంది? దీనికి కొన్ని దారులున్నాయి. ఒకే మగ్గం మీద ఒకదానిపై ఒకటిగా రెండు పొరల బట్ట నేయొచ్చు. రెండు పక్కలా అంచులు కలిపేస్తే మగ్గం దిగాక అది గొట్టంలా, సంచిలా తెరుచుకుంటుంది. ఇంకో దారి పురి బాగా ఎక్కించిన నూలు. బిగువులో ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది. కోసి దింపి నీళ్లలో ముంచగానే ఆ పురి తిరిగి లాగుతుంది, బట్ట ముడుచుకుని గట్లుగా లేస్తుంది. మూడోది పేకలో (అడ్డ పోగుల్లో) సన్నటి రాగి తీగ నేయడం. అలా నేసిన బట్టను చేత్తో వంచితే వంచిన చోటే ఆగిపోతుంది. ఇది మనకు కొత్తేమీ కాదు. లోహపు తీగను పట్టు పోగు చుట్టూ చుట్టిన జరీ ధర్మవరం, కంచి చీరల్లో ఎప్పటి నుంచో ఉంది. కాకపోతే అక్కడ మెరుపు కోసం, ఇక్కడ నడుం నిలబెట్టడం కోసం.

ఈ రకం పనిలో కష్టమంతా లెక్కలోనే. దింపాక ఎంత ముడుచుకుంటుందో నేసేముందే ఊహించాలి. తప్పితే మళ్లీ పడుగు వేసుకోవాల్సిందే. అందుకే ముందు చిన్న ముక్కలు రెండుమూడు నేసి, తడిపి, ఆరబెట్టి చూస్తారు. ధర దగ్గర చాలామంది చేసే పొరపాటు, బిల్డర్‌ని అడిగినట్టు "చదరపు అడుగు ఎంత?" అనడం. అడగాల్సింది ఎన్ని ట్రయల్స్ వేశారు, మగ్గం మీద ఎన్ని రోజులు ఉంది అని. సర్జాపూర్ రోడ్డులో మా పిన్ని విల్లా కోసం 5 అడుగులు, 7 అడుగుల పనికి ఒక ఆర్టిస్టు 1,90,000 చెప్పారు. పిన్ని గుండె ఆగినంత పనైంది. ట్రయల్స్‌కు మూడు వారాలు, మగ్గం మీద రెండు నెలలు, ఇద్దరు మనుషులు అని లెక్క విప్పి చెప్పాక గుండె మళ్లీ కొట్టుకుంది కానీ, పర్సు మాత్రం వెంటనే తెరవలేదు.

ఇంకో సంగతి మగ్గం పన్నా. చీరల మగ్గాల మీద సాధారణంగా 45 నుంచి 48 అంగుళాల వెడల్పే వస్తుంది. అంతకంటే వెడల్పైన పని కావాలంటే పెద్ద మగ్గం ఉండాలి, లేదా పలకలుగా నేసి కలపాలి. అతుకు ఉండటం తప్పు కాదు. అతుకును దాచడానికి తంటాలు పడటం కంటే, దాన్నే డిజైన్‌లో గీతగా వాడుకున్న పని మేలని నా ఉద్దేశం.

ముడులు, జిగుర్లు

ముడి పనిని మాక్రమే అని తీసిపారేయొద్దు. మృణాళినీ ముఖర్జీ (1949–2015) మగ్గమే లేకుండా, హెంప్ నార తాళ్లకు రంగులద్ది, ఒక్కో ముడీ చేత్తో వేసుకుంటూ మనిషెత్తు శిల్పాలు చేశారు. 2019లో న్యూయార్క్‌లోని మెట్ మ్యూజియం ఆమె పనులతో పెద్ద ప్రదర్శన పెట్టింది. బరోడాలో ఆమెకు పాఠం చెప్పిన కె.జి. సుబ్రమణ్యన్ అంతకుముందు బొంబాయిలోని వీవర్స్ సర్వీస్ సెంటర్‌లో పనిచేసినవారు. 1950ల్లో మొదలైన ఆ సెంటర్లలో చిత్రకారులనూ నేతగాళ్లనూ ఒకే కప్పు కింద కూర్చోబెట్టారు. ఇవాళ మనం ఫైబర్ ఆర్ట్ అంటున్నదానికి మన దేశంలో ఉన్న వేళ్లలో అదొకటి.

అయితే ఆన్‌లైన్‌లో కర్రకు వేలాడదీసి అమ్మే మాక్రమే వేరు. దాని ఆకారానికి ఆధారం కేవలం కిందికి లాగే బరువు. మెత్తటి కాటన్ తాడు ఆ బరువుకి ఏడాదిలో సాగుతుంది, కింద కత్తిరించిన అంచు వంకరపోతుంది. అద్దె ఇంటికి, చిన్న గోడకు, 5-6 వేలకు ఏ ఇబ్బందీ లేదు. 60 వేలు అడిగితే మాత్రం ముడులు ఎంత దగ్గరగా ఉన్నాయో వేలితో నొక్కి చూడండి. గట్టి ముడి పని నొక్కితే బుట్టలా ఎదురు తిరగాలి.

టఫ్టెడ్ పనిలో ఊలు నేసింది కాదు, గుడ్డలోకి పొడిచింది. దాన్ని పట్టి ఉంచేది వెనక పూసిన జిగురే. ఆ లేటెక్స్ (రబ్బరు) జిగురు పాతబడేకొద్దీ గట్టిపడి, పొడిగా రాలుతుంది. పిల్లల గదికి, రంగు కోసం కొనుక్కోండి, చవక కూడా. చేనేత అని చెప్పి చేనేత ధర అడిగితే మాత్రం ఇవ్వకండి. ఫోమ్ మీద బట్ట బిగించిన నాలుగో రకం గురించి ఎక్కువ చెప్పను. అది సోఫా చేసేవాళ్ల పని. ఫోమ్ కొన్నేళ్లకు పిండవుతుంది, అప్పుడు పైనున్న మంచి చేనేత బట్ట కూడా వదులైపోతుంది.

ఇవన్నీ కాకుండా ఐదోది ఒకటుంది, ఎవరూ అడగరు కానీ చాలా ఇళ్లకు అదే సరిపోతుంది. చదునైన మంచి నేత. ఏలూరు ఊలు తివాచీ, వరంగల్ జంపఖానా, ఉత్తర కర్ణాటకలోని నవలగుంద జంపఖానా. నేల మీద తొక్కడానికి తట్టుకునేలా నేసినవి గోడ మీద ఎన్నాళ్లైనా ఉంటాయి. నాలుగడుగుల కారిడార్లో ముందుకు లేచిన శిల్పం పెడితే వచ్చేపోయేవాళ్ల భుజాలూ స్కూల్ బ్యాగులూ తగులుతూనే ఉంటాయి. అక్కడ జంపఖానాయే పెట్టాలి. అమ్మమ్మ పట్టుచీరను ఫ్రేమ్ చేయించాలనుకునేవాళ్లు దయచేసి దాన్ని కత్తిరించొద్దు, అద్దానికి బట్ట ఆనకుండా చూడమనండి. అంతే.

ముందు గోడను చూడండి

ఆర్టిస్టును వెతికేముందు సెల్‌ఫోన్ టార్చ్‌తో ఒక పరీక్ష చేయండి. రాత్రి లైట్లార్పి, ఒక టవల్‌ను కుచ్చిళ్లు పెట్టి గోడకు ఆనించండి. టార్చ్‌ను ఎదురుగా పట్టుకుంటే టవల్ చదునుగా కనిపిస్తుంది. అదే టార్చ్‌ను గోడకు దగ్గరగా, పక్క నుంచో పై నుంచో పట్టుకుంటే ప్రతి మడతకూ నీడ పడుతుంది. నేత శిల్పానికి సగం ఆకారం ఆ నీడే ఇస్తుంది. మీ హాల్లో సీలింగ్ మధ్యలో ఉన్న లైట్లు తప్ప ఇంకేమీ లేకపోతే, గోడ వైపు మరో స్పాట్‌లైట్ వేయించే ఓపిక లేకపోతే, మడతల పనికి లక్షలు పోయడం దండగ. లైటు ఎల్ఈడీ అయితే మంచిది, వేడి తక్కువ. పాత హాలోజన్ వద్దు.

ఎండ సంగతి వేరు. వెలుతురు రంగును తింటుంది, తిన్నది తిరిగి రాదు. మ్యూజియంలు సాధారణంగా బట్టల మీద 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వవు. మన హాల్లో కిటికీ పక్కన పట్టపగలు వెయ్యి దాటడం మామూలే. ఇంట్లో మ్యూజియం పెట్టలేం, కానీ నేరుగా ఎండ పడే గోడను వదిలేయగలం. సాయంత్రం 4 గంటలకు ఆ గోడ ముందు నిలబడి చూడండి. మహదేవపుర ఫ్లాట్‌లో సోఫా వెనక గోడ మీద సరిగ్గా అప్పుడే పడమటి బాల్కనీ నుంచి ఎండ ఏటవాలుగా పడింది. చూడ్డానికి ఎంత బాగుందో! "ఇక్కడే పెడదాం" అన్నారు ఇద్దరూ. ఇక్కడ తప్ప ఎక్కడైనా పెట్టండి అన్నాను.

రంగుల గురించి అడిగేటప్పుడు సహజ రంగులు అనగానే మురిసిపోవద్దు. నీలిమందు, మంజిష్ఠ వెలుతురును బాగానే తట్టుకుంటాయి. పసుపు నెలల్లోనే వెలిసిపోతుంది. మిల్లు రంగులైతే బ్లూ వూల్ స్కేల్ మీద ఎంత అని అడగండి, రంగు వెలుతురును ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత అది. 1 నుంచి 8 దాకా ఉంటుంది, 6 పైన ఉంటే నయం. జవాబు రాకపోతే వాడే పోగుల ముక్క ఒకటి అడిగి తెచ్చుకుని, సగానికి నల్ల కాగితం చుట్టి కిటికీలో నెల రోజులు పెట్టండి. కమిషన్ పనికి, అంటే ఆర్డరిచ్చి చేయించుకునేదానికి, ఎలాగూ నెలలు పడుతుంది, ఈ నెల ఎక్కువేం కాదు.

ఏ పోగు, ఏ ఊరు

బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఫిబ్రవరి, మార్చిలో గాలి పొడిగా ఉంటుంది, జూన్ నుంచి అక్టోబర్ దాకా తేమ. అంటే పోగు ఏడాదికోసారి సాగి, ఒకసారి ముడుచుకుంటుంది. చెన్నైలో సముద్రం పక్కన ఆ తేమ దాదాపు ఏడాదంతా ఉంటుంది, పైగా ఉప్పుగాలి. రెండు ఊళ్లకూ ఒకే సలహా కుదరదు.

జనపనారతో నాకే దెబ్బ తగిలింది. మూడేళ్ల క్రితం ఆన్‌లైన్‌లో ఒక జనపనార పని ముచ్చటపడి కొని, బాల్కనీ తలుపు పక్కన పెట్టాను. మొదటి వర్షాకాలంలో ఇల్లంతా తడిసిన గోనెసంచి వాసన. ఎండాకాలానికి లేత గోధుమ రంగు కాస్తా టీ డికాషన్ రంగుకి తిరిగింది. అమ్మినవాళ్లను అడిగితే సహజ ఫైబర్ అంతేనండి అన్నారు. అదీ నిజమే, కాకపోతే అమ్మేముందు చెప్పాల్సిన నిజం. జనపనారలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకు రంగు మారుతుంది, తడిస్తే బలం కూడా తగ్గుతుంది. పొడిగా, నీడగా ఉండే గోడైతేనే పెట్టండి. అరటి నార పనులకూ నేను ఇదే జాగ్రత్త చెబుతాను. చెన్నై పల్లావరం పక్కన అనకాపుత్తూరు నేతగాళ్లు అరటి నారతో నేసిన బట్టలు చూస్తే దాని సన్నటి మెరుపు తెలుస్తుంది.

ఊలుకు నిలబడే గుణం పుట్టుకతోనే ఉంది, నొక్కినా తిరిగి లేస్తుంది. నిప్పు కూడా తొందరగా అంటుకోదు. దేవుడి గది పక్క గోడకు అది చిన్న విషయం కాదు. కాటన్, జనపనార దీపానికి ఆమడ దూరంలో ఉండాలి. దక్కని గొర్రె ముతక ఊలుతో కురుమలు నేసే గొంగడి మన దగ్గర వానకూ చలికీ కప్పుకున్నదే. దానికి చింతగింజల గంజి పెట్టి బిగువు తెస్తారు. ఆ ముతక ఊలుతో చేసిన గోడ పని చూసి మా నాయనమ్మ "గొర్లకాపరి వచ్చి మరిచిపోయి పోయినాడా ఏమి?" అంది కానీ, నాకైతే విదేశీ మెరినో ఊలు కంటే ఆ నలుపే ఇష్టం. ఊలుకు శత్రువు చిమ్మట పురుగు. చీకటిగా, ఎవరూ కదపని చోట గుడ్లు పెడుతుంది, అంటే సరిగ్గా గోడకూ పనికీ మధ్య. ఏడాదికి రెండుసార్లు దింపి వెనక వైపు గాలి తగలనివ్వాలి. చిన్న పనికి పురుగు పడితే పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా కట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో పెట్టొచ్చు.

కాటన్‌లో చూడాల్సింది గంజి. నేతకు ముందు పడుగుకు గంజి పెడతారు. తర్వాత అది పూర్తిగా ఉతికారా లేదా అడగండి. పాత పుస్తకాల్లో తిరిగే సిల్వర్‌ఫిష్‌కు గంజి అంటే పండగే. చెన్నైలో ఉండే మా తమ్ముడికి నేను సూచించింది మాత్రం కాటనే. పైన స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్, ఎక్కడా ఇనుప మేకు లేకుండా. తిరువాన్మియూర్ గాలికి ఇనుము తుప్పు పట్టి ఆ మరక బట్టలోకి దిగుతుంది. రాగి తీగ ఉన్న పనైతే అక్కడ నల్లబడి, తర్వాత పచ్చబడుతుంది. కొందరికి ఆ పచ్చదనమే ముద్దు. మీకెలాగో ముందే తేల్చుకోండి. పట్టు అన్నిటికంటే అందంగా వెలుతురును పట్టుకుంటుంది, అన్నిటికంటే త్వరగా ఆ వెలుతురుకే చివికిపోతుంది. పట్టుచీరల ఊరి మనిషిని నేనే చెబుతున్నాను, ఎండ వచ్చే హాలుకు పట్టు వద్దు.

బరువు, మేకులు, మాటలు

రెండు మూలల్లో రెండు మేకులు కొట్టి తగిలిస్తే మధ్యలో కిందికి జారుతుంది. బరువు పై అంచంతా సమంగా పడాలి. పైన గొట్టంలా కుట్టి రాడ్ దూర్చడం ఒక పద్ధతి. మ్యూజియంలలో అయితే పని వెనక వెల్క్రో కుట్టి, గోడకు బిగించిన చెక్కపట్టీకి దాని జత అతికిస్తారు. దింపడం, మళ్లీ పెట్టడం నిమిషాల పని. గోడ ఏమిటో కూడా తెలుసుకోండి. కొత్త అపార్ట్‌మెంట్లలో మివాన్ పద్ధతిలో (అల్యూమినియం అచ్చుల్లో) పోసిన కాంక్రీటు గోడలకు మామూలు డ్రిల్ దిగదు, హ్యామర్ డ్రిల్ కావాలి. ఏఏసీ బ్లాకుల్లో (గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు ఇటుకలు) డ్రిల్ వెన్నలా దిగుతుంది కానీ మామూలు ప్లగ్ ఊడి వస్తుంది, వాటికి వేరే యాంకర్లున్నాయి. పైనుంచి వేలాడదీసే పనైతే ఫాల్స్ సీలింగ్‌కు కాదు, దాని పైనున్న స్లాబ్‌కు బిగించాలి. పిన్ని ఇంటి పని 14 కిలోలుంటుందని ఆర్టిస్టు ముందే చెప్పారు. అలా అడగకుండానే బరువు చెప్పే ఆర్టిస్టు దొరికితే వదలకండి.

రెడీమేడా, కమిషనా అంటే నా ఓటు, మొదటిసారి కొనేవాళ్లు తయారైన పనినే కళ్లతో చూసి కొనమని. కమిషన్‌లో మీ ఊహ ఒకటి, మగ్గం దింపింది ఒకటి అయ్యే అవకాశం ఎక్కువ, అందులో ఎవరి తప్పూ ఉండదు. జనవరిలో చిత్రకళా పరిషత్ కుమార కృప రోడ్డులో పెట్టే చిత్రసంతేకు (వీధిలో జరిగే కళల సంత) వెళ్లండి, అక్కడ చేసినవాళ్లతోనే మాట్లాడొచ్చు. కస్తూర్బా రోడ్డులోని మ్యాప్ (మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ) సేకరణలోనూ బట్టలున్నాయి. ఏం చూపిస్తున్నారో కనుక్కుని వెళ్తే కంటికి అలవాటవుతుంది. కమిషనే కావాలంటే చేతికి నేసిన శాంపిల్, కాగితం మీద కొలత, దింపాక ఎన్ని అంగుళాలు అటూ ఇటూ అయినా ఒప్పుకుంటారో, డబ్బు ఎన్ని విడతల్లో ఇస్తారో రాసుకోండి. ఇంకొకటి అడగండి. నేసింది ఎవరు? చాలాసార్లు గీసేది ఆర్టిస్టు, నేసేది మరో మనిషి. ఆ పేరు వెనక చీటీ మీద ఉంటే నాకు ఆ ఆర్టిస్టు మీద గౌరవం పెరుగుతుంది. మా తాత నేసిన ఏ చీర మీదా ఆయన పేరు లేదు, అది వేరే సంగతి.

పిన్ని చివరికి ఊలు, కాటన్ కలిపిన ఆ పెద్ద పనే తీసుకుంది. రెండంతస్తుల ఎత్తున్న హాల్లో మాట మోగుతోందని, దీంతో పోతుందని ఆశ. మందంగా ఉండి, గోడకు 10 సెంటీమీటర్లు ఎడంగా పెట్టారు కాబట్టి కొంత తగ్గింది. మొత్తం పోవాలంటే కర్టెన్లు, తివాచీ కూడా కావాలమ్మా అని ముందే చెప్పాను, వినలేదు. జయనగర్‌లో డెంటల్ క్లినిక్ పెట్టిన స్నేహితురాలికి మాత్రం నేత శిల్పమే వద్దన్నాను. రోజుకు వందమంది వచ్చిపోయే చోట, పిల్లలు చేతులు పెట్టే ఎత్తులో, మడతల్లోని దుమ్ము ఎవరు తీస్తారు? వరంగల్ జంపఖానా ఒకటి పెట్టుకుంది, ఆదివారం దింపి దులుపుకుంటుంది.

కడప దంపతులు సోఫా గోడను ఖాళీగానే వదిలేసి, ఎండ రాని డైనింగ్ గోడకు 3 అడుగుల కాటన్, రాగి తీగ పని కొన్నారు, 48 వేలు. పురి నూలుతో గట్లు గట్లుగా లేచి ఉంటుంది. పక్కనుంచి ఒక్క లైటు వేయించారు. పండక్కి కడప నుంచి వచ్చిన అత్తగారు చూసి "ఏమ్మా, ఇది ఇస్త్రీ చేయకుండానే తగిలించినారే?" అందట. నవ్వుకున్నాం కానీ, తర్వాత నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్ చేసి చెప్పాను: దుమ్ముకు వాక్యూమ్ క్లీనర్ మూతికి నెట్ గుడ్డ కట్టి తక్కువ స్పీడులో పెట్టండి, నీళ్లు తగలనివ్వకండి, ఇస్త్రీ పెట్టె మాత్రం దాని దరిదాపుల్లోకి రాకూడదని పనమ్మాయికి కూడా చెప్పి పెట్టండి.